రిమోట్ బంద్ చెయ్ తమ్మీ

మనిషంత పొడవుండే మా మోడల్ విమానాలు ఎగరాలంటే క్లబ్బు సేఫ్టీ మేడమ్ సరేననాలి. రంగులూ రెక్కల సోకులూ ఆమెకు పట్టవు. తోకను తాండూరు బండకు కట్టించి, ఇంజన్ హోరెత్తగానే, "రిమోట్ బంద్ చెయ్ తమ్మీ" అనేది. సిగ్నల్ పోతే ఇంజన్ దానంతటదే ఆగాలి. నాది ఆగలేదు.

"గిది ఎగరొద్దు. తీస్కపో" అంది. తిట్టుకుంటూనే సరిచేసుకొచ్చాను.

కోట్‌పల్లి ప్రదర్శనలో నా విమానం జనం వైపు తిరుగుతుండగా నిజంగానే సిగ్నల్ పోయింది. నా గుండె ఆగినంత పనైంది. ఆగింది మాత్రం ఇంజనే. విమానం జనానికి చాలా ఇవతలే కందిచేలో కూలింది. ఎవరికీ గీత కూడా పడలేదు.

మేడమ్ పరుగున వెళ్లి, విరిగిన రెక్కను గెలిచిన కప్పులా పైకెత్తి, "సూడుండ్రి, ఎంత మంచిగ కూలిందో!" అని అరిచింది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.