కంట్రోల్ రూములో ఫోను

ఆ రోజు బుధవారం. సాకేత్‌లో ఆఫీసు మీటింగులో ఉన్నాను. పదకొండు నలభైకి నా భార్య కరుణ ఫోన్ చేసింది. కట్ చేశాను. మళ్లీ చేసింది. ఫోను బోర్లా పెట్టాను.

పన్నెండున్నరకి పక్కింటి ఆంటీ చేశారు. నేను ఆస్పత్రికి చేరేసరికి అయిపోయింది. గుండె అన్నారు. పొద్దున ఉప్మాలో ఉప్పు ఎక్కువైందని నవ్విన మనిషి... నాకింకా అర్థం కావడం లేదు.

మా చిన్నప్పుడు... రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఫరీదాబాద్ అవతల ఆయిల్‌తో నడిచే చిన్న కరెంటు ప్లాంటు ఉండేది. మా నాన్న అక్కడ గుమాస్తా, కరుణ వాళ్ల నాన్న ఆపరేటరు. పక్కపక్క క్వార్టర్లు.

ఆ ప్లాంటు రోజంతా నడవదు. ఎండాకాలం సాయంత్రాలు, ఊరంతా కూలర్లు వేసి కరెంటు చాలకపోతే ఫోను వస్తుంది. అప్పుడే నడపాలి. అంతవరకు అంకుల్ పని... కంట్రోల్ రూములో నల్ల ఫోను పక్కన కూర్చోవడం.

కరుణ వాళ్లమ్మ నర్సు. క్యారేజీ కడుతూ అనేవారు, "మీ నాన్న కట్టుకుంది నన్ను కాదే, ఆ ఫోన్ని!"

ఒక సాయంత్రం మేమిద్దరం క్యారేజీ తీసుకెళ్లాం. అంకుల్ పప్పన్నం కలుపుతున్నారు. ఫోను మోగింది. ఎడమచేత్తో ఎత్తారు. "చలావో", నడపమని, అవతలి గొంతు మాకూ వినిపించింది. మెతుకులంటిన చేత్తోనే బటన్ నొక్కేశారు. ఇంజన్లు లేచాయి... కాళ్ల కింద నేల అదిరింది. కరుణ నా చొక్కా పట్టుకుంది.

"చెయ్యి కడుక్కోవచ్చుగా అంకుల్?" అన్నాను.

"మోగిందంటే అవతల ఎవరికో అవసరం పడ్డట్టే కదరా. అన్నం ఎక్కడికి పోతుంది?"

ఆ ప్లాంటు ఇప్పుడు లేదు. పొగగొట్టం కూడా పడగొట్టేశారు. కాలనీ అంతటికీ ఆ ఒక్క ఫోనుండేది, మోగితే పిల్లలం కూడా ఆట ఆపేవాళ్లం... ఇప్పుడు మా ఇంట్లోనే మూడున్నాయి. ఆ క్వార్టర్ల పిల్లలెవరైనా ఇది చదివితే, కరుణ గురించి మీకు గుర్తున్నది రాయండి. ఏదైనా సరే.

ఆ అంకులే నా మావయ్య. దినం రోజున రెండుసార్లు అడిగారు, "చివర్లో ఏమైనా చెప్పిందా నాన్నా?" అని. "లేదండీ" అన్నాను.

ఆయనకి ఇలాంటి పోస్టులు చూసే అలవాటు లేదు. మనవాళ్లెవరూ ముందే చెప్పకండి. రేపు పొద్దున్నే ఫరీదాబాద్ వెళ్తాను. తను రెండుసార్లు ఫోన్ చేసిందని, నేను ఎత్తలేదని ఆయనకి చెప్తాను.