బాపు కంప్రెషర్ విప్పిన రోజు

ఎండలు ముదరకముందే ఈసారి కారు ఏసీ మొరాయించింది. మీట నొక్కగానే చల్లగాలికి బదులు మాడిన నూనె వాసన గుప్పుమంది. కంప్రెషర్ పోయింది మేడం, సాయంత్రానికల్లా కొత్తది వేసేస్తామని షాపతను నవ్వుతూ చెప్పాడు. అతనికది రోజూ చేసే పని. నేను మాత్రం వాళ్లు బానెట్ ఎత్తగానే బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. కంప్రెషర్ విప్పే చోట నేను కూర్చోలేను.

మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో శివరాత్రి వెళ్లిందంటే ప్రతి వాకిలీ పసుపు వాకిలే. తవ్విన కొమ్ములు బండ్ల మీద ఇళ్లకు చేరేవి. మట్టి రాల్చి, వేళ్లు తుంచి, వాకిట్లో తవ్విన పొయ్యి మీద పెద్ద రాగి కొప్పెర పెట్టి ఉడకబెట్టేవారు. ఎండిన పసుపాకు, కందికట్టె చిటపటమని మండుతుంటే, కొప్పెర మీద కప్పిన గోనెసంచుల కింది నుంచి నురగ పొంగేది. ఆ ఆవిరి వాసన జొన్న గట్కకు, మామిడికాయ తొక్కుకు, రాత్రి కప్పుకునే దుప్పట్లకు కూడా పట్టేది. ఆరబోసిన కొమ్ముల మధ్య తొక్కుడుబిళ్ల ఆడి, ఆ పసుపు పాదాలతోనే బడికి పోయేవాళ్లం.

మా కొప్పెర మీద పెత్తనం బాపమ్మది, అంటే మేం బాపు అని పిలిచే మా నాన్న తల్లిది. కొమ్ములోకి చీపురుపుల్ల గుచ్చి, అది మెత్తగా దిగితే దించమనేది. ఆమె చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆమెకు దమ్ము రోగం. దుమ్ము లేస్తే చాలు, ఊపిరి అందక గోడ పట్టుకునేది. కానీ పొయ్యి దగ్గర ఎంతసేపు కూర్చున్నా ఏమయ్యేది కాదు. "పసుపు పొగ తల్లిపాల లెక్క, ఎవ్వలకు చెడుపు చెయ్యది" అనేది.

నెలనెలా ఆమెను బస్సులో కరీంనగర్ డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, దారి పొడుగునా దుమ్ము మింగి, పోయినప్పటికన్నా ఎక్కువ రోగంతో తిరిగొచ్చేది. అందుకే పసుపు మంచి ధర పలికిన ఏడాది బాపు ఏసీ ఉన్న పాత తెల్లకారు ఒకటి కొన్నాడు. అద్దాలు ఎక్కించి తల్లిని అందులో తీసుకుపోవడం చూసేవాళ్లకు షోకు, మాకు అవసరం. ఆమె ఊపిరి ఆ కారు మీదే ఆధారపడి ఉందని మా ఇంట్లో చిన్నపిల్లనైన నాకు కూడా తెలుసు.

తనకు రాని పని లేదని బాపు నమ్మకం. ఆయిల్ ఇంజన్లు, మోటార్లు, కుట్టుమిషను, ఏది మొరాయించినా విప్పేవాడు. విప్పింది బిగించేవాడు కూడా, కాకపోతే చివర్లో ఒకటో రెండో నట్లు మిగిలేవి. అవి దండగ నట్లు అనేవాడు. అలాంటి మనిషికి కారు కంప్రెషర్ కీచుమని పట్టేసిందంటే సంబరమే. నిజామాబాద్‌లో పాత సామాన్ల మధ్య ఇంకొకటి వెతికి గోనెలో చుట్టుకొచ్చాడు. తెల్లారితే డాక్టరు దగ్గరికి పోవాలి. ఆ ముందురోజు పొద్దునే మా కొప్పెర కూడా పొయ్యెక్కింది.

కారును వాకిట్లో వేపచెట్టు కింద ఆపాడు. అక్కడి నుంచి నేల పొయ్యివైపు వాలుగా ఉండేది. ఆ రోజు గాలి లేదు, ఆకు కదలలేదు. పొగ పైకి పోలేక వాకిట్లోనే తిరుగుతుంటే, ఎందుకో మా అవ్వకు మనసొప్పలేదు. మా వైపు అవ్వ అంటే కన్నతల్లే.

"పొయ్యి ఆరినంక విప్పరాదు? ఒక్కనాడు ఆగుతె ఏం పోతది?" అంది.

"రేపు అవ్వను బస్సుల పట్టుకపోవాల్నా? ఆయిల్ ఇంజన్ గాలి తీసినోనికి గిదెంత పని?" అన్నాడు బాపు.

పోనీ పొయ్యి ఆర్పుదామంటే బాపమ్మ ఒప్పుకోలేదు. ముట్టించిన పసుపు పొయ్యి కొప్పెర దిగేదాకా ఆరకూడదు. తల్లీకొడుకుల్లో ఎవరూ తగ్గే రకం కాదు.

ఆయిల్ ఇంజన్ అందుకోకపోతే మా దగ్గర ముందు చేసేది గాలి తీయడం. పైపు నట్టు వదులు చేస్తే గాలి బుస్సుమని పోతుంది, మళ్లీ బిగిస్తే ఇంజన్ నడుస్తుంది. ఇదీ అంతే అనుకున్నాడు బాపు. అడ్డమున్న రేడియేటర్ ఊడదీసి గోనె మీద పెట్టి, కంప్రెషర్ పైపు నట్టుకు పానా వేశాడు. బుస్సుమంది. ఆ బుస ఎంతసేపటికీ ఆగలేదు. తెల్లటి ఆవిరి కిందికి జారి, నేల మీద ఎటు పోయిందో కనిపించకుండా పోయింది. నేను పొయ్యివైపు చూసేసరికి కొప్పెర అడుగున మంట ఆకుపచ్చగా మండుతోంది. అలాంటి మంట అంతకుముందు ఎన్నడూ చూడలేదు, నాకు భయమేసింది.

బాపమ్మ కూడా చూసింది. చేతిలో చీపురుపుల్ల అలాగే ఉంది. మంట వంక చూసి, తర్వాత కారు మీద వంగి ఉన్న కొడుకు వంక చూసింది. లేవబోయి గొంతు పట్టుకుంది. అంతలో కళ్లు, ముక్కు కోసేసే ఘాటు వాకిలంతా కమ్మేసింది. ఏసీ పైపులోంచి కారిన ఆ గ్యాసుకు నిప్పు తగిలితే విషపు పొగ అవుతుందని చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఆమె కోసం కొన్న కారు అక్కడే ఉంది, కానీ రేడియేటర్ నేల మీద ఉంది. పక్కింటివాళ్ల ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి, దుమ్ము రోడ్డు మీదే మెట్‌పల్లి ఆసుపత్రికి తీసుకుపోయాం. బాపు తన తువ్వాల ఆమె ముక్కుకు అడ్డం పట్టుకుని దారంతా "అవ్వా, అవ్వా" అంటూనే ఉన్నాడు. ఏం పొగ పీల్చావని డాక్టరు అడిగాడు. ఆమె ఊపిరి కూడదీసుకుని, "పసుపు పొగ పడలే, సారూ" అంది. నా నోట కారు మాట రాబోతుంటే నా మణికట్టు గట్టిగా నొక్కింది.

ఆ రోజు ఆమె బతికింది, కానీ ఊపిరి మాత్రం మళ్లీ కుదుటపడలేదు. పసుపు పొగ పడదని తేలాక ఇంక పొయ్యి ఎందుకని మా అవ్వ దాన్ని పూడ్పించింది, కొప్పెర అమ్మేశారు. బాపమ్మ గోడకు ఆనుకుని చూస్తూ కూర్చుంది, కాదనలేదు. బాపు కంప్రెషర్ బిగించి గ్యాసు నింపించాడు. ఈసారి ఒక్క నట్టూ మిగల్లేదు, ఏసీ గజగజ వణికించేలా పనిచేసింది. ప్రతి నెలా అద్దాలు ఎక్కించిన ఆ కారులో ముందు సీట్లలో తల్లీకొడుకులు, వెనక నేను. ఆమె పొయ్యి వెచ్చదనానికి అలవాటైన మనిషి, చలి పడదు. అయినా దుప్పటి కప్పుకుని "జర చల్లగ పెట్టు కొడుకా" అనేది. మళ్లీ పసుపు తవ్వకాలు రాకముందే పోయింది.

కొత్త కంప్రెషర్ వేయించాక మొన్న బాపును ఎక్కించుకుని ఊరికి బయల్దేరాను. మెట్‌పల్లి దాటాక ఒక చేలో ట్రాక్టరుకు తగిలించిన బాయిలర్‌లో పసుపు ఉడుకుతోంది. పొయ్యి లేదు, నురగ లేదు, పుల్ల గుచ్చి చూసే ముసలమ్మ లేదు. ఆ ఊరి పిల్లలు దాని వంకైనా చూడడం లేదు. బాపు మాత్రం కారు ఆపమన్నాడు.

"మా అవ్వకు పసుపు పొగ ఎన్నడన్న పడకుండ ఉండెనా, బిడ్డా" అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగాను. "నీకు ఎప్పుడు ఎరుకైంది, బాపూ?"

"డాక్టర్‌కు చెప్తున్నప్పుడే. నేను ఆమె మొకమే చూస్తున్న."

"మరి ఆమెతోని ఎందుకు అనలే?"

"నేను అన్ననంటే ఆమె చెప్పింది అబద్ధమైతుండె."

బాపు అద్దం దించాడు. నేను ఏసీ ఆపేశాను.