మందు కొట్టని సాలు

దర్శిలో మాది చిన్న ఆయుర్వేద మందుల షాపు. నెల క్రితం మిరప రైతు వెంకటేశ్వర్లుగారు భార్యతో వచ్చారు. పోయినేడు పురుగు పడి తోట పోయిన దగ్గర్నుంచి ఇద్దరికీ సరిగ్గా నిద్ర లేదు, పొద్దున లేస్తే ఒళ్లు కదలదు. చెరో డబ్బా అశ్వగంధ చూర్ణం ఇచ్చాను. ఒత్తిడికి కొంత పనిచేస్తుందంటున్నారు గానీ గట్టి రుజువులు ఇంకా లేవని కూడా చెప్పాను.

ఈ రోజు ఆయనొక్కరే వచ్చి, సీలు తీయని డబ్బా ఒకటి బల్ల మీద పెట్టారు.

"మీరు వాడలేదేంటండీ?"

"చేలో కొత్త మందు కొట్టేటప్పుడు రెండు సాళ్లు వదిలేస్తాం గదండీ, పనిచేసిందో లేదో తెలియడానికి. ఈసారి ఆ వదిలేసిన సాలు నేనే."

"మరి తేడా కనబడిందా?"

"ఆవిడ నిద్రపోతోందండీ. కానీ తోటకి నీళ్లు పెట్టే ఆవిడ పని కూడా ఈ నెల నేనే చేస్తున్నా. చూర్ణం గుణమో, ఆ విశ్రాంతి గుణమో చెప్పలేను."

ఇరవై ఏళ్లుగా ఈ చూర్ణం అమ్ముతున్నా, దాన్ని ఇంత నిజాయితీగా పరీక్షించిన మనిషిని చూడలేదు. మరి మీకో అంటే, "నాకింకా పట్టట్లేదు" అన్నారు, అది మామూలే అన్నట్టు.

నాకు కోపమొచ్చింది. వదిలేసిన సాలు కూడా పంటే కదా! షాపు మూసేసి, ఆయన్ని బండెక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

మీ ఇంట్లో ఆ వదిలేసిన సాలు ఎవరు? నాకు చెప్పకపోయినా పర్లేదు, ఒకసారి వాళ్ల కళ్లు చూడండి.