కుడి చెవి పైన చేపనూనె మాత్ర

మెడనొప్పి తగ్గక గత నెల రియాద్‌లో మలాజ్ పేటలోని ఒక క్లినిక్‌లో ఎమ్మారై తీయించుకున్నాను. సొరంగంలోకి జరపగానే మొదలైన ఆ టకటక మోతకు చాలామంది కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలచుకుంటారట. నాకు మాత్రం మేరీ కుమారి గారు గుర్తొచ్చారు. మోతను బట్టే యంత్రం ఎంత పని ముగించిందో చెప్పగల మనిషి ఆవిడ. బాపట్ల నుంచి వచ్చి రియాద్‌లోని ఒక జంతు పరిశోధన కేంద్రంలో ఇరవై ఏళ్ళకు పైగా స్కానింగ్ టెక్నీషియన్‌గా పనిచేశారు. పెద్ద చదువులేమీ లేవు. నేను కరీంనగర్ నుంచి రెండు డిగ్రీలతో, బోలెడంత పొగరుతో అక్కడ సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా చేరాను.

ఆ ఏడాదే ఖమీస్ ముషైత్ వైపు కొండదారిలో పడి ఉన్న ఒక బబూన్ జాతి మగకోతిని మా దగ్గరికి తెచ్చారు. జబల్ అని పేరు పెట్టారు, అరబ్బీలో కొండ అని అర్థం. పాపం, నాలుగడుగులు వేస్తే తూలి పడేది. పుర్రె కింద ఒక పక్కన చీముగడ్డ ఉంది. సరిగ్గా దాని మీద చిన్న రంధ్రం చేసి చీము తీస్తేనే బతుకుతుందన్నారు సర్జన్ డాక్టర్ ఉస్మాన్. ఆయనది సుడాన్. రంధ్రం ఎక్కడ చేయాలో చూపించేలా, పుర్రె మీద అతికినట్టు కూర్చునే ప్లాస్టిక్ అచ్చు ఒకటి ఆయనకు కావాలి. ఎముకను బాగా చూపించే సీటీ యంత్రం మరమ్మతులో ఉంది. ఎమ్మారై బొమ్మల్లోంచే పుర్రెను వేరుచేసి ఇచ్చే పని నా మీద పడింది.

మనుషుల మెదడు బొమ్మల కోసం రాసిన ప్రోగ్రాం చేతిలో ఉంది కదా, ఇదెంతసేపు అనుకున్నాను. అది జబల్ దవడ కండరాలను మెదడు కింద జమకట్టింది, కనుబొమల ఎముకను పారేసింది. రెండు రోజులు కొలతలు మార్చి మార్చి తల పట్టుకుని కూర్చున్నాను. మేరీ కుమారి గారు నా వెనక నిలబడి చూస్తున్నారు.

"మనిషి తలకి కుట్టిన టోపీ దీనికి తొడుగుతున్నావమ్మా. అసలు దీని తల ముట్టుకున్నావా?"

"లేదు మేడమ్. నాకు భయమైతది."

"మత్తులోనే ఉందిలే. రా."

జబల్ బోర్లా పడుకుని ఉంది. ఆవిడ నా వేళ్ళు పట్టుకుని వెచ్చటి బొచ్చులోకి పోనిచ్చారు. కణతల దగ్గర మొదలైన కండ నడినెత్తి దాకా ఎక్కి ఉంది. "ఇక్కడ దళసరి... ఇదిగో, ఇక్కడికొచ్చేసరికి కండ అయిపోయింది, ఇక ఎముకే. తెలుస్తోందా?" నాకు సగమే తెలిసింది. ఆవిడ కళ్ళు మూసుకుని చెప్పిన చోట్లన్నీ తర్వాత తెర మీద అచ్చం అలాగే కనిపించాయి. ఆ బరువైన తల నా చేతుల్లో ఊపిరికి కొద్దికొద్దిగా కదులుతుంటే, రెండు రోజులుగా ఒక ప్రాణంతో పనిచేస్తున్నానన్న సంగతి అప్పుడే మొదటిసారి తలకెక్కింది.

ఆ వేళ్ళు చెప్పినట్టే ప్రోగ్రాం మార్చాను. బుధవారం ఆపరేషన్ అనగా మంగళవారం మధ్యాహ్నానికి పుర్రె బొమ్మ తెర మీద శుభ్రంగా నిలిచింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం చాలాసేపు చూసి, "నా మాత్ర ఏదమ్మా?" అన్నారు.

ప్రతి స్కానుకు ముందు కోతి కుడి చెవి పైన ఒక చేపనూనె మాత్రను టేపుతో అంటించడం ఆవిడ పద్ధతి. బొమ్మలో అది తెల్లచుక్కలా మెరుస్తుంది. చుక్క ఉన్న పక్క కుడి. నేను దాన్ని చాదస్తం అనుకునేదాన్ని.

"తల బయట ఉన్నదంతా ప్రోగ్రాం చెత్త కింద తుడిచేస్తది మేడమ్. నేనే అట్ల రాసిన."

"తుడవక ముందుది తియ్యి."

తీశాను. చుక్క బొమ్మలో ఎడమ అని రాసి ఉన్న పక్కన మెరుస్తోంది. మనుషుల్ని వెల్లకిలా పడుకోబెట్టి స్కాన్ చేస్తారు, కోతిని బోర్లా. మనిషి ప్రోగ్రాం ఒప్పుకునేలా బొమ్మను తిప్పే హడావిడిలో కుడి ఎడమలను తారుమారు చేశాను. పుర్రె రెండు పక్కలా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి అచ్చు చక్కగానే కూర్చునేది. రంధ్రం మాత్రం బాగున్న పక్కన పడేది.

"డాక్టర్‌కు మీరు చెప్తరా మేడమ్?"

"నువ్వే చెప్పాలమ్మా. నేను పక్కన నిలబడతాను."

తప్పు నాదని చెప్పాను. డాక్టర్ ఉస్మాన్ ముఖం గంటు పెట్టుకుని, రేపటికి సరిదిద్దగలవా అని మాత్రమే అడిగారు. ఆపరేషన్ ఒక రోజు వెనక్కి జరిగింది. గురువారం చీము తీశారు. ఆదివారం జబల్ తూలకుండా నడిచొచ్చి, కంచె సందులోంచి చేయి చాపి ఖర్జూరం అందుకుంది. నేను ఏడ్చేశాను.

తిరిగి వస్తుంటే వరండాలో ఆవిడ మెల్లగా అన్నారు. "ఇక్కడికొచ్చిన కొత్తల్లో ఒకసారి మాత్ర అంటించకుండానే స్కాన్ చేశానమ్మా. ఏది కుడో తప్పు చెప్పాను, బాగున్న పక్కన కోశారు. ఆ కోతి మళ్ళీ లేవలేదు. తప్పు నాదని ఎవరికీ చెప్పలేకపోయాను."

తన నోటికి రాని మాటను నా చేత చెప్పించారని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నా దగ్గర పనిలో చేరినవాళ్ళకు నా తప్పు మొదటి రోజే చెబుతాను. ఆవిడది మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇది రాసేముందు బాపట్లకు ఫోన్ చేసి, ఆ సంగతి వదిలేయమంటారా అని అడిగాను.

"వదలకమ్మా, రాయి," అన్నారు. మళ్ళీ ఆవిడే, "ఆ కోతి పేరు కూడా రాయి. వర్దా," అన్నారు.