ఒక్క మాట అడగడానికి కొల్లేటి లంకకు

నాంచారుకు ఉత్తరం రాద్దామంటే చదువు రాదు. కబురు పంపుదామంటే చెవులు వినపడవు. చెప్పదలచుకున్నది ఎదుట నిలబడి చేతులతో చెప్పవలసిందే. అందుకని ఫాల్గుణ మాసం మొదట్లో ఒక తెల్లవారుజామున తాడేపల్లిగూడెం స్టేషనులో ఏలూరుకు టిక్కెట్టు కొన్నాను. ఒంటరిగా రైలెక్కడం నాకు అదే మొదలు.

నేను గూడెం బజారులో కుట్టుమిషను పెట్టుకుని రవికలూ, పిల్లల గౌన్లూ కుట్టే మనిషిని. మాది వ్యాపారస్తుల కుటుంబం. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే, మా అన్నలు కొట్టు వెనక గది ఇచ్చి మిషను కొనిపెట్టారు. నాంచారు కొల్లేటి లంకలో, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టింది. పుట్టుచెవుడు, మాట రాలేదు. ఎండుచేపలు అమ్మే మేనత్త వెంట గూడెం వచ్చి, ఆ మేనత్త పోయాక మా వీధిలో దిక్కులేక మిగిలిపోయింది. కాజాలు కుట్టడానికి పిలిచాను. ఏడేళ్ళపాటు ఆ గదిలో ఇద్దరం ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నాం. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియని చేతిమాటలు ఎన్ని పుట్టాయో లెక్కలేదు. మిషను చక్రం తిప్పినట్టు చెయ్యి తిప్పితే నేను. బుగ్గ మీద పుట్టుమచ్చ తాకితే ఆమె.

కిందటి కార్తీకంలో ఆమె అన్న వచ్చి, భార్యకు కానుపు, సాయానికి నాలుగు రోజులు పంపమన్నాడు. పంపాను. కార్తీకం వెళ్ళింది, మాఘమూ వెళ్ళింది. పొద్దుగూకేసరికి మిషను ఆపి తల ఎత్తితే ఎదురుగా పీట ఖాళీగా ఉండేది. ఆనాటి కబుర్లు చేతుల్లోనే ఉండిపోయేవి. ఒకరోజు చేపల గంప దించుకుని నీళ్ళడిగిన లంక మనిషి చెప్పింది: "మీ దగ్గరుండే మూగమ్మాయికి పెళ్ళంటండీ. కైకలూరు అవతలాయన. పెళ్ళాం పోయింది, వయసు మళ్ళినాయనే. పిల్ల ఒప్పుకుందంటండీ."

ఒప్పుకుంటే నేను చెప్పగలిగేదేమీ లేదు. కాని ఆమెను అడిగిందెవరు? ఏ మాటల్లో అడిగారు?

ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ దగ్గర చోటు దొరికింది. భీమడోలు వచ్చేసరికి బాగా తెల్లారింది. పెంటపాడు నుంచి కూతుర్ని చూడబోతున్న ఒకావిడ చేగోడీలు పంచుతూ, "ఏవండీ, ఎవరింటికండీ?" అని అడిగింది.

"తెలిసినవాళ్ళమ్మాయిని చూడ్డానికండీ."

"ఏమవుతుందండీ మీకు?"

చెల్లెలనలేను, వదిననలేను, పనిమనిషి అంతకన్నా అనలేను. "ఇద్దరం కలిసుంటామండీ" అన్నాను. ఆవిడ ఇంకా ఏదో వస్తుందని కాసేపు చూసి, చేగోడీల మూట కట్టేసుకుంది. గుండుగొలను దాటేవరకు నేను ఆ ప్రశ్ననే నములుతూ కూర్చున్నాను.

ఏలూరు స్టేషను ఎదురుగా హోటల్లో ఇడ్లీ తిని, కాఫీ తాగాను. ఆ దారిన వెళ్ళేవారు మంచినీళ్ళు అక్కడే నింపుకోవడం మంచిది. కొల్లేరు వైపు వెళ్ళే బస్సు జనం నిండితే గాని కదలదు. డ్రైవరు మూడుసార్లు టీ తాగి వచ్చాక కదిలింది. కాలవ పక్కన మట్టిరోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ, మధ్యాహ్నానికి కొల్లేటి గట్టు దగ్గర దింపింది. అక్కణ్ణుంచి పడవే.

ఫాల్గుణంలో కొల్లేరు బాగా తగ్గి ఉంటుంది. ఒడ్డున తుంగ ఎండి పసుపురంగులోకి తిరిగింది. దూరంగా నీళ్ళ మీద తెల్లగా ఆరేసిన పంచెల్లా కనిపించినవి దగ్గరికి వెళ్ళేసరికి పక్షులై లేచాయి. నాంచారు ఈ నీళ్ళను నాకు ఎన్నిసార్లు చెప్పిందో! రెండు అరచేతులూ చాపి, మెల్లగా అలలాడించి, చివర వేళ్ళు టపటపలాడించేది. ఆ వేళ్ళే ఈ పక్షులని అప్పుడు తెలిసింది.

పడవలో అందరూ ఒక వైపు సర్దుకుని కూర్చున్నారు. రెండో కొసన ఒకే మనిషి. ముతక చీర, నుదుట రూపాయంత బొట్టు, గడ్డం మీద నీలిచాయ. ఆ మనిషి పక్కన నిండా చోటున్నా ఎవరూ కూర్చోలేదు. నేను వెళ్ళి, "ఇక్కడ కూర్చోవచ్చాండీ?" అన్నాను.

"నన్నేనాండీ?" అని అటూ ఇటూ చూసి, కొంగు దగ్గరికి లాక్కుని చోటిచ్చింది. మిమ్మల్ని ఏమని పిలవాలని అడిగితే, "అమ్మానాన్నా పెట్టింది గంగరాజండీ. నేను గంగమ్మనండీ" అంది. జాతరలో అమ్మవారి గరగ, పూలతో అలంకరించిన కుండ, నెత్తికెత్తుకునేది తనేనట. "ఆ రోజు నా కాళ్ళకు పసుపు రాస్తారండీ. తెల్లారితే పడవలో ఇదిగో, ఇలా."

నాంచారు ఇంటికి వెళ్తున్నానని చెప్పాను. గంగమ్మ నన్ను ఎగాదిగా చూసి, కుడిచెయ్యి ఎత్తి గాలిలో గుండ్రంగా తిప్పింది. మిషను చక్రం!

"మీరేనాండీ ఆవిడ?" అంది. "రోజూ సాయంత్రం రేవులో నా దగ్గరికొచ్చి కూర్చుంటుందండీ. ఆ ఊళ్ళో దాంతోనూ, నాతోనూ మాట్లాడేవాళ్ళు లేరు కదా. మేమిద్దరం మాట్లాడుకుంటాం. ఎప్పుడు చూసినా ఇలా తిప్పుతుంది."

నేను తల తిప్పుకుని నీళ్ళవైపు చూశాను. ఒడ్డు చేరాక గంగమ్మ ఇంటిదాకా దారి చూపించి, దడి బయటే ఆగిపోయింది.

నాంచారు వాకిట్లోనే ఉంది, చంకలో నాలుగు నెలల మేనల్లుడితో. నన్ను చూసి కదలకుండా నిలబడిపోయింది. తర్వాత ఖాళీగా ఉన్న చేత్తో మాట్లాడడం మొదలుపెట్టింది. మా మాటలకు రెండు చేతులూ కావాలి. రెండోది పిల్లవాడి కింద ఉంది. సగం సగం మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతుంటే, మిగతా సగం ఆమె కళ్ళలో చదువుకున్నాను.

అన్న సుబ్బరాయుడు మర్యాదగానే మంచం వాల్చాడు. "కూర్చోండమ్మగారూ. మీ ఉప్పు తిన్న పిల్లే, కాదనం. కానీ ఎన్నాళ్ళండీ అలా? ఆడపిల్లకి ఒక ఇల్లుండాలి కదండీ. మీరు దానికి ఏమవుతారని ఉంచుకుంటారు?"

"అది కాదు బాబూ. పెళ్ళి సంగతి ఆమెను అడిగారా?"

"అడిగామండీ. చీర చూపించాం, పడవ చూపించాం. తలూపింది."

నేను నాంచారు వైపు తిరిగి అడిగాను. మెడలో మూడు ముళ్ళు, పక్కన ముసలి మనిషి, వేరే ఇల్లు. ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ముఖం పాలిపోయింది. పిల్లవాణ్ణి నా ఒళ్ళో పడేసి రెండు చేతులతో ఒకటే చెప్పింది. చీరా, పడవా చూసి తనను గూడెం పంపిస్తున్నారనుకుంది. అందుకని తలూపింది.

నేను ఆ మాట పైకి చెప్పాను. సుబ్బరాయుడు ఒప్పుకోలేదు. "చేతులు దానివి, మాటలు మీవి. అది అలాగే అన్నదని మాకెలా తెలుస్తుందండీ?"

అప్పుడు దడి అవతల నుంచి గంగమ్మ గొంతు వినిపించింది. ఆమెను వాకిట్లోకి రానివ్వరు. "నేను చెబుతాను సుబ్బరాయుడూ. ఆవిణ్ణి అటు తిరిగి కూర్చోమను. అప్పుడు అడుగుదాం."

పిల్లవాణ్ణి ఎత్తుకుని, ఆరేసిన వలల వైపు ముఖం పెట్టి కూర్చున్నాను. నాలుగు నెలలు ఆమెను చూడాలని తపించి, చివరికి ఆమె మాట్లాడుతుంటే వీపు పెట్టి కూర్చోవలసి వచ్చింది. వెనక చేతి గాజుల చప్పుడు మాత్రం వినిపించింది. గంగమ్మ ఒక్కో మాటే పైకి చెప్పింది. "ఆ పెళ్ళికొడుకెవరో తెలీదంటోంది... తాళి వద్దంటోంది... వద్దు, వద్దు అంటోంది." కాస్త ఆగి, "ఇదేదో నాకు తెలీదండీ. వేలు చుట్టూ దారం తిప్పి, గుండీ పెట్టినట్టు..."

"మేమిద్దరం అని" అన్నాను, వలల వైపే చూస్తూ.

గుమ్మంలో దుప్పటి కప్పుకుని కూర్చున్న వదిన, కానుపైన దగ్గర్నుంచి జ్వరంతో తీసుకుంటున్న మనిషి, భర్తతో అంది: "నన్నెవరూ అడగలేదు. దాన్నైనా అడిగారు కదా. ఈ పెళ్ళి వద్దని కబురెట్టెయ్యయ్యా."

సుబ్బరాయుడు దడి వైపు తిరిగి, "గంగమ్మా, లోపలికి వచ్చి కూర్చో" అన్నాడు. పొద్దున్నే కైకలూరుకు మనిషిని పంపుతానన్నాడు.

అప్పుడు నేను నాంచారును రెండో ప్రశ్న అడిగాను. నాతో వస్తావా? వస్తుందనే నమ్మకంతోనే ఆమె చీరలకు సంచీలో చోటు ఉంచుకుని వెళ్ళాను. ఆమె నా ఒళ్ళోని పిల్లవాణ్ణి చూసింది, గుమ్మంలో వదినను చూసింది. వాడు కూర్చోవాలి, గుప్పెట్లో అన్నం మెతుకు పట్టుకోవాలి. అప్పుడు వస్తాను. ముందుగా పిల్లవాణ్ణి తన చేతుల్లోకి తీసుకుంది కాబట్టి, ఆ జవాబు కూడా ఒంటిచేత్తోనే చెప్పింది. అడిగాక జవాబు వినాలి కదా. సరేనన్నాను.

ఆ పూట నాకోసం విడిగా పప్పు వండింది. మర్నాడు ఉదయం రేవులో పడవ కదిలాక ఇద్దరూ గట్టు మీద నిలబడ్డారు, నాంచారూ, గంగమ్మా. తుంగ అడ్డం వచ్చేవరకు ఇద్దరి చేతులూ గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.

ఏలూరులో మధ్యాహ్నం పాసింజరు ఎక్కాను. దెందులూరు దాటాక, ఎదురు బల్ల మీది ఆవిడ పక్కావిడతో అంటోంది: "పాపం, మూగావిడండీ." అప్పుడు చూసుకున్నాను. ఒళ్ళో నా చేతులు వాటంతటవే నాంచారుతో మాట్లాడుతున్నాయి.

"చూస్తే మంచి ఇంటి మనిషిలా ఉంది."

"ఏ జన్మ పాపమోనండీ. చూసేవాళ్ళుండాలి కదా."

నోరు తెరిచి ఒక్క మాటంటే సరిపోయేది. అనలేదు. ఏడేళ్ళు నా పక్కన బజారులో నడిచిన మనిషి ఎలాంటి మాటల మధ్య నడిచిందో, వాటిని వినకుండానే ముఖాల్లో ఎలా చదువుకుందో, అక్కడ కూర్చుని విన్నాను. కాసేపటికి ఆ మొదటావిడే జామకాయ కోసి సగం నా చేతిలో పెట్టి, తినమని సైగ చేసింది. నాకోసం మొట్టమొదటిసారిగా ఆవిడ చేతులు కదిలాయి.

గూడెం వచ్చింది. సంచీ తీసుకుని, వెళ్ళొస్తానని చేతులతోనే చెప్పాను. ఆవిడకు అర్థమయింది. రైలు కదిలాక కిటికీలోంచి తనూ చెయ్యి ఊపింది.