ఆర్.ఐ. గారు కూర్చున్న అరువు కుర్చీ

అందరూ కులాసాయేనా? రాజమ్మక్కా, నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? వానలో బయటికి రాకు, జారితే ఇంకేమన్నా ఉందా... ఇబ్రహీంపట్నంలో ఉన్న మా అమ్మాయి నాగమణీ, దగ్గు తగ్గిందా? పామర్రు సుబ్బులు వదినా, కంటి ఆపరేషనయ్యాక ఫోను చూడొద్దన్నారుగా, ఇది నీ కోడలితో చదివించుకో. నాకేం లేదు, బీపీ ఒక్కటే... అదీ మీ అందరి గురించీ ఆలోచిస్తేనే.

"మా చిన్నప్పుడు..." అని ఈ గ్రూపులో అందరూ రాస్తున్నారు. నా చిన్నప్పుడంతా మగ్గానికి నూలు కండెలు చుట్టడంతోనే గడిచిపోయింది. రెండో తరగతితో బడి సరి. అందుకని మా నాగమణి చిన్నప్పటి సంగతి రాస్తున్నాను. తొంభైల్లో మాట...

అప్పుడు పెడనలో ఉండేవాళ్ళం. ముందు గదంతా మగ్గమే... నేలలో తవ్విన గుంటలో దిగి కూర్చుని నేసే గుంట మగ్గం. మగ్గం పోను ఒక చాప పడేంత చోటు... అంతే మా ఇల్లు.

నాగమణి పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. చీటీ పాడి ఆ డబ్బు ఫీజు కట్టి, భవానీపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్లో చేర్చాం. చేరిన కొన్నాళ్ళకే గవర్నమెంటు పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. కరెంటు చదువు! స్కాలర్‌షిప్పు కూడా ఇస్తారట. మా ఆయన మగ్గం మీంచి లేచి వీధిలోకి పరిగెత్తాడు అందరికీ చెప్పడానికి. నాకు మాత్రం ఒకటే బెంగ... మరి కట్టిన ఫీజు?

"చేరి మానేస్తే డబ్బు వెనక్కి రాదండీ" అన్నారు కాలేజీ గుమాస్తా గారు. నేను ఆ వరండాలోనే కూలబడ్డాను. నా ఏడుపు చూడలేకో ఏమో, "ఆ సీట్లో ఇంకో పిల్ల చేరితే సగం ఇప్పిస్తాలేమ్మా, లేవండి" అన్నారు.

ఇక రోజూ ఒకటే మొక్కు... ఏ తల్లి కన్న బిడ్డో ఆ సీట్లో చేరాలని! చేరింది. సగం డబ్బు చేతికొచ్చింది.

అక్కడితో నా బెంగ తీరిందనుకున్నారా? స్కాలర్‌షిప్పు రావాలంటే మా ఆదాయం తక్కువని సర్టిఫికెట్టు కావాలి. మండలాఫీసు నుంచి ఆర్.ఐ. గారు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఇంటికొచ్చి చూసి రాస్తారట. ఆ డబ్బు కంటబడితే మమ్మల్ని షావుకార్లనుకోరూ? నోట్లు గుడ్డలో మూటగట్టి మగ్గం గుంటలో, తొక్కుడు చెక్కల కింద దాచేశాను.

దాచాను, బానే ఉంది... కానీ ఆఫీసరు గారు ఇంటికొస్తుంటే చాప మీద కూర్చోమంటామా? పరువేం కావాలి? అప్పట్లో పక్కింట్లోనే ఉండే సుబ్బులు వదిన దగ్గర రెండు నీలం ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చాను. వెనకింటి నుంచి టేబుల్ ఫ్యాను. ఎదురింటి నుంచి గోడ గడియారం, స్టీలు పళ్ళేలు. జీడిపప్పు వేసి ఉప్మా...

"ఎవరమ్మా వచ్చేది, పెళ్ళికొడుకువాళ్ళా?" అంది నాగమణి.

"నోర్మూసుకుని ఆ గడియారానికి కీ ఇవ్వు" అన్నాను.

ఆర్.ఐ. గారు వచ్చారు. నీలం కుర్చీలో, ఫ్యాను గాలికి కూర్చుని ఉప్మా తింటూ ఇల్లంతా కలియజూశారు.

"బానే ఉన్నారుగా! ఫ్యాను, కుర్చీలు, జీడిపప్పు ఉప్మా... మీకు స్కాలర్‌షిప్పు ఎందుకమ్మా?"

మగ్గం గుంటలో ఉన్న మా ఆయన ఇంకాస్త లోపలికి కుంగిపోయాడు. ఆర్.ఐ. గారు కాగితం మడిచి జేబులో పెట్టుకోబోతున్నారు. తలుపు చాటున నాగమణి కళ్ళ నిండా నీళ్ళు. ఆ కాగితం మీద సంతకం పడకపోతే, నాలాగే అదీ కండెల ముందుకే...

నాకేమయిందో తెలీదు. గట్టిగా ఒక్క కేక పెట్టాను.

"సుబ్బులు వదినా! నీ కుర్చీలు పట్టుకుపో!"

వదిన గోడ మీంచి తొంగిచూసింది. "ఇప్పుడేం తొందరొచ్చింది? అయ్యగారు కూర్చునే ఉన్నారుగా!"

"ఉంటే లేస్తారు. నువ్వొచ్చి పట్టుకుపో!"

ఆర్.ఐ. గారు పళ్ళెంతో సహా లేచి నిలబడ్డారు. కుర్చీలు వెళ్ళాయి. నా కేక విని వెనకింటావిడ ఫ్యాను తీసుకుపోయింది. ఎదురింటావిడ గడియారం చంకన పెట్టుకుని పళ్ళెం కోసం చెయ్యి చాపింది.

"ఇది మాత్రం తినేదాకా ఉంచండమ్మా" అన్నారాయన.

చాప వేశాను. కూర్చున్నారు. "హమ్మయ్య, ఇప్పుడు కనపడింది మీ ఇల్లు" అని ఒకటే నవ్వు.

నోరు తెరిచాక ఆగుతుందా? "బాబుగారూ, గుంటలో కాలేజీవాళ్ళు తిరిగిచ్చిన సగం ఫీజు కూడా ఉందండీ" అనేశాను. మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"మీరు కట్టిందాంట్లో సగమే మీకొచ్చింది. పోయిన సగానికి ఏడవక, వచ్చిందాన్ని ఆదాయమంటారేంటమ్మా? తీసి పిల్ల హాస్టలుకు కట్టండి" అని, ఆ చాప మీదే కూర్చుని రాసిచ్చారు.

అదే చదువుతో ఇవాళ నాగమణి ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారుచేసే చోట ఉద్యోగం చేస్తోంది. ఎక్కడ కరెంటు పోయినా దానికే ఫోను చేసి తిడతాను... "నాకేం సంబంధమే అమ్మా" అంటుంది పాపం.

మొన్న మనవరాలికి కాలేజీ సీటొచ్చింది. ఫీజు, సర్టిఫికెట్టు, అన్నీ ఫోనులోనే అయిపోయాయి. ఇల్లు చూడ్డానికి ఎవరూ రానక్కర్లేదట. మంచిదే... కానీ ఇంటికెవరూ రాకపోతే, పక్కింటికి కుర్చీల కోసం ఎందుకు వెళ్తాం చెప్పండి?

మీ ఇళ్ళకి పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారంటే ఏమేం అరువు తెచ్చేవాళ్ళో మీరూ రాయండి, చదివి నవ్వుకుంటాను.

సుబ్బులు వదినా, మంగళవారం ప్రయాణం నాకు భయం. వచ్చే బుధవారం పొద్దున బస్సుకి పామర్రు వస్తున్నాను. నాగమణి కూడా సెలవు పెట్టింది. ఆ నీలం కుర్చీల్లో ఒకటి ఇంకా ఉందన్నావుగా... వాకిట్లో వేసి ఉంచు. నన్ను మాత్రం తినేదాకా లేపకు.