అంటుకోని పళ్లెం

నాకు కోపం త్వరగా వస్తుంది. వచ్చినంత త్వరగా పోదు. ఈసారి దానికి కారణం ఒక స్టీలు పళ్లెం. అది ఇప్పటికీ మా దుకాణంలో పై వరుసలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

జహీరాబాద్ బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. మా మామగారి తండ్రి కర్ణాటక వైపు నుంచి వచ్చి పెట్టిన దుకాణం. పెళ్లిళ్ల రోజుల్లో ఝరాసంగం నుంచి, రాయికోడ్ నుంచి ఇంటిల్లిపాదీ ఆటోల్లో దిగుతారు. ధర అడగడానికి ముందే వాళ్లు అడిగే మాట ఒకటుంది. "మాగ్నెట్ ఉన్నదా?" మా గల్లాపెట్టె పక్కన మేకుకు దారం కట్టి ఒక అయస్కాంతం వేలాడదీశాం. పాత స్పీకరులోంచి పీకిన గుండ్రటి నల్లటి ముక్క. కొనేవాళ్లు దాన్ని పళ్లేనికి ఆనించి చూస్తారు. అంటుకోకపోతే మంచి స్టీలని తృప్తి పడతారు. అంటుకుంటే "గిది తుప్పు పడతది" అని పక్కన పెట్టేస్తారు.

నిజానికి అది సగం నిజమే. అంటుకునే స్టీలులోనూ మంచిది ఉంటుంది. ఇండక్షన్ పొయ్యి మీద పెట్టే గిన్నె అడుగు అంటుకునే రకం కాకపోతే అసలు వేడే ఎక్కదు. ఆ సంగతి చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అయినా వేలాడే ఆ ముక్క ముందు నా మాట చెల్లదు. అందుకు నాకు బాధ లేదు. నా మాట నమ్మకండి, పెట్టి చూసుకోండి అనే బేరం నాకు నచ్చుతుంది.

మా పాప ఆ అయస్కాంతంతోనే ఆడుకుని పెరిగింది. బడి నుంచి రాగానే సంచి గల్లా కింద పడేసి, దారం విప్పుకుని దుకాణమంతా తిరిగేది. బిందెలు, గరిటెలు, తాళంచెవులు, తూకపు రాళ్లు, దేన్నీ వదిలేది కాదు. ఒకసారి బేరానికి వచ్చిన ముసలమ్మ కాలి కడియానికి కూడా పెట్టింది. ఆమె పకపకా నవ్వి, "ఎండిదే బిడ్డా, ఫికర్ చెయ్యకు" అంది. పొద్దున షటర్ ఎత్తుతుంటే వాళ్ల నాన్నను మధ్యలో ఆపి, ఇది గుంజుడా నూకుడా, అంటే లాగడమా తొయ్యడమా అని అడిగేది. ఆయన చేతులు పీకుతున్నా అలాగే పట్టుకుని నిలబడేవాడు. నడుము దాకా గుంజుడు, ఆ మీద నూకుడు అని చివరికి తనే తేల్చింది.

నాలుగో తరగతి సైన్సులో ఆ పాఠమే వచ్చింది. బలం, చలనం, అయస్కాంతాలు. "అమ్మా, గిదంతా నాకు ఎర్కనే!" అని పుస్తకం పట్టుకుని గంతులేసింది. పరీక్ష రాసిన రోజు కూడా అదే ఊపు. దిద్దిన పేపరు ఇంటికి తెచ్చిన రోజు మాత్రం దారం ముట్టుకోలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

అయస్కాంతానికి అంటుకునే వస్తువులకు సున్నా చుట్టమని ప్రశ్న. గుండుసూది, రబ్బరు, స్టీలు పళ్లెం, ప్లాస్టిక్ స్కేలు బొమ్మలు ఇచ్చారు. పాప గుండుసూదికి సున్నా చుట్టింది. పళ్లేనికి చుట్టలేదు. దాని కింద ఖాళీలో, చీమల్లాంటి అక్షరాలతో, తనకు వచ్చిన ఇంగ్లిష్‌లో రాసింది. కొన్ని స్టీలువి అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు, మా దుకాణంలో పళ్లెం అంటుకోదు, నేను పెట్టి చూశాను అని. ఆ రాతనంతా కొట్టేస్తూ ఒక ఎర్ర గీత ఉంది. మార్కు పోతే పోయింది. 'నేను పెట్టి చూశాను' అన్న మాటను కొట్టేస్తారా? నాకు అక్కడ మండింది.

"అమ్మా, మన మాగ్నెట్ ఖరాబున్నదా?" అంది పాప.

పొద్దస్తమానం తన చేత్తో పెట్టి, తన కళ్లతో చూసిన పిల్ల, ఒక్క గీత చూసి తన చేతినీ కళ్లనూ అనుమానిస్తోంది. మార్కులు వచ్చే ఏడాది వస్తాయి. ఈ నమ్మకం పోతే ఎవరు తెచ్చిస్తారు?

మా ఆయన పేపరు అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక్క మార్కుకు గింత లొల్లి ఎందుకే? ఇడిసిపెట్టు" అన్నాడు. నేను విడిచిపెట్టలేదు. మర్నాడు ఒక పళ్లెం, మేకుకు ఉన్న అయస్కాంతం సంచిలో వేసుకుని బడికి పోయాను.

పాపకు సైన్సు చెప్పే టీచర్ చిన్న వయసు అమ్మాయి. పళ్లెం ఆమె చేతికిచ్చి, "ముంజేతి కంకణానికి అద్దం ఎందుకు, మీరే పెట్టి చూడండి" అన్నాను. పెట్టింది. జారిపోయింది. ఇంకోసారి పెట్టింది. మళ్లీ జారిపోయింది. ఆమె ముఖంలో ఆశ్చర్యమేమీ లేదు.

"నాకు తెల్వదా మేడం? మా ఇంట్ల తల్లెలు గూడ అంటుకోవు" అంది మెల్లగా. "గని జవాబుల కాగితం ఆఫీసు రూము నుంచి వస్తది. దాంట్ల స్టీలు అంటుకుంటదనే ఉంటది. నేను మార్కు ఏస్తె నన్నే పిలిచి అడుగుతరు."

ఆమెను తిడదామని ఎన్ని మాటలు కూడబెట్టుకుని పోయానో! ఆ మాటలన్నీ మోసుకుని ఆఫీసు గదిలోకి పోయాను. బడి నడిపే పెద్దమనిషి ఫోనులో ఏదో చూస్తూనే కూర్చోమన్నాడు. చెప్పిందంతా విన్నాడు.

"బుక్కు రాసినోళ్ల కంటె మీకు ఎక్వ తెలుసా అమ్మా?"

"నాకేం తెలియదు సార్. పళ్లేనికి తెలుసు. ఒక్కసారి పెట్టి చూడండి."

ఆయన అయస్కాంతం ముట్టుకోలేదు. పళ్లేన్ని ఒక వేలితో నా వైపు నెట్టాడు. "పిల్లకు బుక్కుల ఉన్నది రాయమని చెప్పున్రి. ఫస్టు ర్యాంకు పిల్ల, ఖరాబు చెయ్యకున్రి."

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు ఉంది వ్యవహారం. ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను. ఆయన నవ్వాడు. అరిచినా బాగుండేది. ఇన్ని ఫీజులు తీసుకుని, ఇంత పెద్ద బిల్డింగు కట్టి, గోడల నిండా శాస్త్రవేత్తల బొమ్మలు వేయించి, ఒక్క పళ్లేనికి ఒక్క అయస్కాంతం ఆనించడానికి వీళ్లకు చెయ్యి రాదు! దారి పొడుగునా తిట్టుకుంటూ నడిచాను. సంచిలో పళ్లెం, అయస్కాంతం గలగలలాడుతూ వచ్చాయి.

ఇంటికొచ్చి పాపతో గట్టిగానే చెప్పాను. "నువ్వు రాసిందే కరెక్టు. మీ టీచరు గూడ పెట్టి చూసింది."

"మరి మార్కు ఇచ్చిందా?"

నేను సంచి తీసుకుని దుకాణానికి పోయి, అయస్కాంతం మేకుకు కట్టి, పళ్లెం పై వరుసలో పెట్టేశాను.

తర్వాతి పరీక్షలో అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి పాప పళ్లేనికి గుండ్రంగా, అందంగా సున్నా చుట్టింది. కింద ఏమీ రాయలేదు. మార్కులన్నీ వచ్చాయి. వాళ్ల నాన్న జిలేబీ తెచ్చాడు. పాప రెండు చేతులా తింది. నేను ముట్టలేదు.

మొన్న ఝరాసంగం వైపు నుంచి ఒక కుటుంబం పెళ్లి సామాన్లకు వచ్చింది. నేను నిచ్చెన మీద ఉండి బిందెలు దించుతున్నాను. పాప గల్లా దగ్గర కూర్చుని ఉంది. వాళ్లలో పెద్దామె ఆ పై వరుస పళ్లెమే తీయించుకుని, చేత్తో నిమిరి, "మంచిగున్నది. జర చూసి చెప్పు బిడ్డా, మాగ్నెట్ అంటుకుంటదా?" అంది.

అయస్కాంతం పాప భుజానికి తగులుతూ వేలాడుతోంది.

"అంటుకుంటది" అంది పాప.

పెద్దామె ముఖం మాడ్చుకుని పళ్లెం కింద పెట్టేసింది. నాకు బేరం పోతుందన్న చింత లేదు. నిచ్చెన మీదనుంచే అరిచాను. "చేతి పక్కనే ఉన్నది గదనే! ఒక్కసారి పెట్టి చూడు!"

పాప తలెత్తి నా వైపు చూసింది. భయం లేదు, పొగరూ లేదు. తెలియనిదానికి చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"పెట్టుడెందుకమ్మా? బుక్కుల ఉన్నది గద."